దొరగారు ఆపుకున్న రోజు

కళ్ళజోళ్ళాయనకు మరక అంటే గిట్టదు. ఆయన లెక్కలో వేలిముద్ర కూడా మరకే. ఇన్నేళ్ళుగా అద్దాలు అరగదీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసిన కళ్ళు కదా, వాటికి ఏదీ ఒక పట్టాన ఆనదు. ఎవరింటికైనా వెళితే మంచినీళ్ళ గ్లాసును తాగేముందు వెలుతురుకు ఎత్తి చూస్తాడు. ఇచ్చినవాళ్ళ మొహం ఎలా మారిందో మాత్రం చూడడు. వీధిలో అందరూ ఆయన్ని ఎదురుగా కళ్ళజోళ్ళాయన అనీ, అటు తిరగ్గానే మరకలాయన అనీ అంటారు.

కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో ఇరుకు చెక్కమెట్లు. అద్దం చేతిలో ఉన్నంతసేపే ఆయన కుదురు. మిగతా వేళల్లో కాలు ఒకచోట నిలవదు. షాపులో ఉంటే పైన కుళాయి కట్టలేదేమోనని, పైన ఉంటే కింద ఎవరైనా అద్దాల బల్ల మీద చెయ్యి ఆనించారేమోనని మెట్లెక్కుతూ దిగుతూనే ఉంటాడు. ఆయన భార్య సిటీ బస్సు నడుపుతుంది. "నా బస్సు కన్నా మీరే ఎక్కువ ట్రిప్పులు వేస్తారు" అంటుంది.

ఆ ఇంట్లో మూడో మనిషి ఆయన చెల్లెలు. వయసులో చాలా చిన్నది. అమ్మానాన్నా పోయాక అన్నావదినల దగ్గరే పెరిగి, చదువుకుని, అంబులెన్సు కోసం ఫోన్ చేసేవాళ్ళతో మాట్లాడే ఉద్యోగంలో చేరింది. అవతలి మనిషి గుండెలు బాదుకుంటున్నా ఆ పిల్ల గొంతు పెరగదు, వణకదు. "ఆయన ఊపిరి తీసుకుంటున్నారా? మీ చెయ్యి ఛాతీ మీద పెట్టి చూడండి" అని నింపాదిగా అడిగే గొంతు. ఇంట్లోనూ అదే గొంతు. అన్నయ్యకు చిర్రెత్తేది అందుకే. ఎదుటి మనిషి అరవకపోతే దెబ్బలాటకు రుచేముంటుంది?

ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ ఆ పిల్ల ఒక పంజరం మోసుకొచ్చింది. ఎవరో ఒంటరి ముసలాయన ఫోన్ చేశాడట, అంబులెన్సు పంపిందట, ఆయన మళ్ళీ ఇంటికి రాలేదట. ఫోన్‌లో ఆయన మాటల వెనక ఒక పిట్ట ఈల వేస్తూనే ఉందట. ఆ ఈల చెవిలోంచి పోలేదు. ఆ ఇంటికి వెళ్ళి అడిగితే ఓనరు పంజరం చేతికిచ్చి, "బతికించావమ్మా" అన్నాడట.

అది కాకటీల్ అనే జాతి పిట్ట. బూడిదరంగు ఒళ్ళు, పసుప్పచ్చ మొహం, రెండు బుగ్గల మీదా నారింజరంగు బిళ్ళలు, నెత్తిన నిక్కబొడుచుకున్న కుచ్చు. బల్ల మీద వదిలితే చాలు, ఎవరో పై అధికారి తనిఖీకి వచ్చినట్టు ఛాతీ విరుచుకుని అటూ ఇటూ పచార్లు చేసేది. వదిన దానికి దొరగారు అని పేరు పెట్టింది.

దొరగారికి అన్ని దర్జాలూ ఉన్నాయి. రెట్ట విషయంలో మాత్రం ఒట్టి మోటు మనిషి. కుర్చీ వీపు మీద, కర్టెన్ కడ్డీ మీద, ఆరేసిన డ్రైవరమ్మ యూనిఫాం భుజం మీద, ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ. కళ్ళజోళ్ళాయన తడిగుడ్డ పట్టుకుని వెనకాలే తిరిగేవాడు. అలా తిరుగుతూ ఉండగానే ఒకనాడు పిట్ట మెట్ల మీదుగా షాపులోకి ఎగిరి వచ్చింది. ఒక పెద్దావిడ కొత్త జోడు పెట్టుకుని గోడ మీది అక్షరాలు చదువుతోంది. పై అరలో వాలిన దొరగారు సరిగ్గా ఆవిడ కుడి అద్దం మీద కానిచ్చేశాడు. ఆవిడకు ఏం జరిగిందో తెలియలేదు. "ఎడం కన్ను బాగుంది బాబూ, కుడి కంటికే ఇంకా మసగ్గా ఉంది" అంది.

ఆ సాయంత్రం పైన పెద్ద పంచాయితీ అయింది.

"ఇది ఇల్లనుకుందా, చెట్టనుకుందా? ఇంకోసారి ఇలా జరిగితే ఎక్కణ్ణుంచి తెచ్చావో అక్కడే వదిలేసిరా."

"అక్కడ ఎవరూ లేరు అన్నయ్యా. నేర్పిస్తాను."

"పిట్టకి రెట్ట వెయ్యడం నేర్పిస్తావా?"

"వెయ్యడం వచ్చు. ఎక్కడ వెయ్యాలో నేర్పిస్తాను."

అన్నంత పనీ చేసింది. వంటింటి కిటికీ పక్కన ఒక మూల పాత న్యూస్‌పేపరు పరిచింది. పిట్ట ఎప్పుడు వేస్తుందో కనిపెట్టడమే అసలు విద్య. వేసేముందు ఒక అడుగు వెనక్కి వేస్తుంది, కాస్త కూలబడుతుంది, తోక ఎత్తుతుంది. ఆ వెనకడుగు పడీ పడకముందే వేలి మీదికి ఎక్కించుకుని పేపరు దగ్గరికి పరుగెత్తాలి. మొదట్లో సగం దారిలోనే పని అయిపోయేది. కోప్పడకూడదు. పేపరు మీద పడినప్పుడు మాత్రం నెత్తి నిమిరి, మెచ్చుకుని, నాలుగు కొర్రగింజలు పెట్టాలి. ప్రతిసారీ ఒకే మాట అనాలి, ఒకే గొంతుతో.

ఆ మాట కోసం ఆ పిల్ల పెద్దగా వెతుక్కోలేదు. షాపులోకి ఎవరు అడుగుపెట్టినా అన్నయ్య నోట వచ్చే మొదటి మాట "దయచేయండి". దాన్నే తీసుకుంది. దొరగారిని పేపరు మీద దించి, తన ఫోన్ గొంతుతో, "దొరగారూ, దయచేయండి" అనేది. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. అన్నయ్యకు వెటకారం అర్థమైంది గానీ, అర్థమైనట్టు కనబడితే ఇంకా లోకువైపోతానని ఊరుకున్నాడు.

నెలలు పట్టింది. కానీ పట్టుబడింది. పిట్ట ఎక్కడున్నా తనంతట తానే ఎగిరి వచ్చి ఆ పిల్ల భుజం మీద వాలి, చెవి దగ్గర ముక్కుతో గిల్లేది. పేపరు దగ్గరికి తీసుకెళ్ళి మాట అనగానే వేసేది. ఇల్లంతా వెతికినా ఒక్క చుక్క కనబడని రోజు వచ్చింది. ఆ రోజు కళ్ళజోళ్ళాయన ఇంకేమీ దొరక్క పంజరంలోకి తొంగి చూశాడు.

"పంజరంలో మాత్రం ఎందుకు వెయ్యాలి? అదీ ఇంట్లోనే ఉందిగా."

"మరీ అంత బిగించొద్దన్నాడు అన్నయ్యా పిట్టలమ్మే ఆయన. పంజరం దాని ఇష్టం."

"సగం నేర్పితే నేర్పినట్టా?"

చిన్నప్పుడు లెక్కలు చేసి చూపించినా, గిన్నెలు కడిగి చూపించినా ఆ పిల్ల విన్న మాటే అది. ఇంకొన్నాళ్ళకు పంజరం అడుగున వేసిన కాగితం కూడా వేసింది వేసినట్టు తెల్లగా ఉండడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి అన్నయ్యకు పిట్ట ముద్దొచ్చింది. "మా పిట్ట అడగందే వెయ్యదండీ" అని షాపుకొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకునేవాడు. నమ్మనివాళ్ళను పైకి తీసుకెళ్ళి పంజరంలో తెల్లటి కాగితం చూపించేవాడు కూడా.

ఇలా ఉండగా చెల్లెలికి వేరే ఊళ్ళో పెద్ద కంట్రోల్ రూములో పని వచ్చింది. ముందు ట్రెయినింగు, ఆ తరవాత అక్కడే ఉద్యోగం. ట్రెయినింగు హాస్టల్లో పిట్టకు చోటు లేదు. గది దొరకగానే వచ్చి తీసుకెళ్తానంది. ఈ సంగతి ముందు వదినకు చెప్పింది, ఆఖరున అన్నయ్యకు. "సరే" అన్నాడాయన. అని, షాపులోకొచ్చి, అప్పటికే మెరుస్తున్న అద్దాల అర మొత్తం దించి మళ్ళీ తుడిచాడు.

వెళ్ళే రోజు మధ్యాహ్నం ఆ పిల్ల గదిలో పెట్టె సర్దుకుంటోంది. కళ్ళజోళ్ళాయన గుమ్మం దాకా వచ్చాడు, వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. సాయం చేస్తానన్నాడు. "అయిపోయింది అన్నయ్యా" అంది. పెట్టె జిప్పు తనే లాక్కుంది. ఆయన ఏదో అనబోయి మానేశాడు. భుజం మీదున్న గుడ్డ చేతిలోకి వచ్చింది. పుస్తకాలు తీసేసిన కిటికీ గట్టు మీద దుమ్ము గీతలు కనబడ్డాయి. తుడవడం మొదలుపెట్టాడు. గట్టు అయ్యాక మంచం తలవైపు, ఆ తరవాత ఆ పిల్ల అప్పుడే చెయ్యి వేసిన బీరువా పిడి.

చెల్లెలు చూస్తూ నిలబడింది. "నేను వెళ్ళేదాకా ఆగలేకపోయావా?" అంది. అదే నింపాది గొంతు.

పెట్టె తనే మోసుకుని మెట్లు దిగింది. వదినను కావలించుకుంది. పిట్ట కుచ్చు నిమిరింది. అన్నయ్య మెట్ల మీదే ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన పంజరం మీది గుడ్డ తీసి అడుగు కాగితం చూశాడు. మచ్చ లేదు. "చూశావా, చెల్లి లేకపోయినా క్రమశిక్షణ తప్పలేదు" అన్నాడు భార్యతో. ఆవిడకు ఆ రోజు సెలవు. జడ వేసుకుంటూ వచ్చి చూసింది. కాగితం వైపు కాదు, పిట్ట వైపు. దొరగారు దండె మీద లేడు. పంజరం అడుగున ఒక మూల ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చున్నాడు. ఊపిరికోసారి తోక కిందికీ పైకీ ఊగుతోంది. గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"శుభ్రంగా ఉండడం కాదండీ ఇది. నిన్న తను వెళ్ళినప్పట్నుంచీ వాడు అసలు వెయ్యలేదు."

"వేస్తాడులే."

"ఎవరు అడిగారని వేస్తాడు?"

ఆయన పిట్టను వేలి మీదికి తీసుకుని కిటికీ మూలకు వెళ్ళాడు. గొంతు సవరించుకున్నాడు. "దొరగారూ, దయచేయండి."

పిట్ట ఆయన మొహంలోకి చూసింది, అంతే. మళ్ళీ అన్నాడు. కొంచెం గట్టిగా అన్నాడు. బతిమాలుతున్నట్టు అన్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మీ నోట ఆ మాట పొద్దస్తమానం వింటూనే ఉంటాడుగా కింద నుంచి" అంది భార్య. "మీరంటే ఎవరో కళ్ళజోడుకి వచ్చారనుకుంటాడు."

ఆవిడ ప్రయత్నించింది. మరదలి గొంతు తెచ్చిపెట్టుకుని సన్నగా అంది. పిట్ట ఆశగా కుచ్చు లేపి గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు. కుచ్చు మళ్ళీ వాలిపోయింది.

చెల్లెలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ట్రెయినింగు గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరని ముందే చెప్పింది. కళ్ళజోళ్ళాయన కాలు కాలిన పిల్లిలా మెట్ల మీద తిరగడం మొదలుపెట్టాడు. కింద ఒక అద్దం ఫ్రేములో బిగించబోయి మరలు జారవిడిచాడు. వెతకడం మానేసి పైకి పరుగెత్తాడు. పిట్ట అలాగే ఉంది. కిందికి దిగాడు. కొలతలు తీసుకోవడానికి వచ్చినతన్ని "దయచేయండి" అనబోయి, నోట మాట రాక చేత్తో సైగ చేశాడు.

"అంబులెన్సు నంబరుకే చేస్తే?" అన్నాడు మళ్ళీ పైకి వచ్చి. "వాళ్ళయితే చెల్లికి కబురు చెప్పగలరు."

"ఏమని చెప్తారు, పిట్టకి మలబద్ధకం అనా?" అంది భార్య. అంటూనే చెప్పులు వేసుకుంది. "పదండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం."

ఆవిడ తొందర ఆవిడకుంది. బస్సు నడిపేవాళ్ళకు ఆపుకోవడమంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆఖరి స్టాపులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేక, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా బండి నడిపి, జ్వరంతో ఆసుపత్రిలో పడింది. ఆ మంట ఇప్పటికీ మరిచిపోలేదు. పంజరానికి తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుని, దారంతా "ఆపుకోకురా నాయనా, ఆపుకోకు" అని గొణుగుతూనే ఉంది.

పక్షుల డాక్టరమ్మ పిట్టను ఒక చేత్తో ఒడుపుగా పట్టుకుని, రెండో చేతి వేలితో పొట్ట నిమిరి చూసింది. తోక కింద గోరువెచ్చని తడిగుడ్డ అద్దింది. కాసేపు ఆగింది.

"అడ్డమేమీ లేదు. ఉండాల్సింది లోపలే ఉంది. ఇదే పట్టి ఉంచుతోంది" అంది. "ఎవరు నేర్పారు?"

"మా చెల్లెలండీ" అన్నాడు కళ్ళజోళ్ళాయన. భార్య ఆయన వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తూ, "నేనే పట్టుబట్టి నేర్పించాను. పంజరంలో కూడా వద్దన్నాను" అన్నాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. "చాలా బాగా నేర్పారు. అదే వచ్చిన చిక్కు. చెయ్యొద్దన్న పని ఇది చావనైనా చస్తుంది గానీ చెయ్యదు" అంది. "ఇంటికి తీసుకెళ్ళి వదిలెయ్యండి. వెచ్చగా ఉంచండి, ఎగరనివ్వండి. ఎగరబోయే ముందు పిట్టలు ఒళ్ళు తేలిక చేసుకుంటాయి. ఆ చెల్లెలి చేత మాట్లాడించండి. సాయంత్రం దాకా చూసి అప్పటికీ కాకపోతే నా దగ్గరికి తెచ్చెయ్యండి. ఆలస్యం చెయ్యకండి."

"అప్పుడేం చేస్తారు?"

"అప్పుడు చెయ్యాల్సింది చేస్తాను. అంత దాకా రాకుండా చూడండి."

ఇంటికి వచ్చి తలుపులన్నీ తీసి పిట్టను వదిలారు. అది ఎగరలేదు. సోఫా చేతి మీద కూర్చుంది. కళ్ళజోళ్ళాయన వంగి, ఆ తోకకు జానెడు దూరంలో మొహం పెట్టి చూస్తూ కూర్చున్నాడు. వెనకడుగు వేస్తుందేమో, కూలబడుతుందేమో అని కళ్ళు ఆర్పలేదు. ఒకసారి నిజంగానే వెనకడుగు వేసింది. ఆయన ఇంకా ముందుకు వంగాడు. పిట్ట ఆయన్ని చూసి, వేసిన అడుగు మళ్ళీ ముందుకు తీసుకుంది.

అప్పుడు ఫోన్ మోగింది. చెల్లెలు. భోజనం వేళ ఫోన్ తీసి చూసుకుంటే వదిన నుంచి అన్ని కాల్స్ వచ్చాయని కంగారుపడింది. కంగారు మాటల్లోనే, గొంతులో లేదు. వదిన సంగతి చెప్పింది. చెల్లెలు వరసగా అడుగుతూ పోయింది. కళ్ళు తెరిచి ఉన్నాయా, మూస్తోందా. కాలి వేళ్ళతో గట్టిగా పట్టుకుంటోందా. తోక ఊపిరితో పాటు ఊగుతోందా, మామూలుగానూ ఊగుతోందా. ఆఖరున, "స్పీకర్‌లో పెట్టి వాడి దగ్గర పెట్టు" అంది.

"దొరగారూ, దయచేయండి."

పిట్ట ఉలిక్కిపడి లేచింది. కుచ్చు నిటారుగా నిలిచింది. ఫోన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది, ముక్కుతో తట్టింది, కింద ఏమైనా ఉందేమోనని మూలల్లో వెతికింది. ఒక ఈల వేసింది. అవతల చెల్లెలు కూడా ఈల వేసింది. అంతకు మించి ఏమీ కాలేదు.

"వదినా, అన్నయ్య ఎక్కడున్నాడు?"

"ఇక్కడే. వాడి తోక దగ్గరే."

"ఆ మాట అన్నాక నేను అటు తిరుగుతాను వదినా. ఎప్పుడూ అంతే. చూస్తూ ఉంటే వాడు వెయ్యడు. అన్నయ్యని చూడొద్దను. అన్నయ్య చూస్తూ నిలబడితే నాకే ఏ పనీ చేతకాదు. వాడికేం చేతనవుతుంది?"

ఫోన్ ఇంకా స్పీకర్‌లోనే ఉంది. కళ్ళజోళ్ళాయన లేచి నిలబడ్డాడు. క్లాసుకు పిలుస్తున్నారని, సాయంత్రం ముందే ఇంకో విరామం ఉందని చెప్పి చెల్లెలు పెట్టేసింది.

ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. గోడకు నిలువుటద్దం ఉంది. అందులో పిట్ట కనబడుతోంది. చూడకుండా ఉండడం ఆయన తరం కాలేదు. అద్దంలోంచే పిట్ట కన్ను ఆయన కన్నును పట్టుకుంది. కుర్చీ జరుపుకున్నాడు. ఈసారి ఎదురుగా బీరువా తలుపు, దాని నిగనిగలాడే పాలిష్‌లో బూడిదరంగు నీడ. ఆ ఇంట్లో ఆయన ఇన్నాళ్ళూ తుడిచి తుడిచి పెట్టిన ప్రతి వస్తువూ ఏదో ఒకటి చూపిస్తూనే ఉంది.

"బయటికి వెళ్ళండి" అంది భార్య.

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. నేను ఫోన్ చేసేదాకా మెట్లెక్కొద్దు. షాపులో కూడా ఉండొద్దు. మీ అడుగుల చప్పుడు వాడికి తెలుసు."

షాపు మూసి వీధిలో పడ్డాడు. ఎటు వెళ్ళాలో ఆయనకే తెలియదు. సందు చివరి దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు, కిటికీలోకి చూడబోయి తల దించుకుని మళ్ళీ నడిచాడు. బస్టాండు దాటాడు. పార్కు రెయిలింగు పక్కన కరెంటు తీగల మీద పావురాలు బారులు తీరి ఉన్నాయి. కింద పేవ్‌మెంటు, బెంచీలు, ఆపి ఉంచిన కార్లు, అన్నిటి మీదా తెల్లటి చారలు. ఎప్పుడూ ఆ వైపు నుంచి వెళ్ళడు ఆయన, రోడ్డు దాటి అవతలి వైపు నుంచి వెళతాడు. ఇవాళ అక్కడే నిలబడిపోయాడు. ఒక పావురం తోక ఎత్తింది, వేసింది, ఏమీ జరగనట్టు మెడ తిప్పుకుంది. ఆయనకు దాన్ని చూస్తే అసూయ వేసింది.

కూర్చోలేకపోయాడు. బెంచీ చుట్టూ తిరుగుతూ చెల్లెలి నంబరు నొక్కాడు. విరామం అయిందో లేదో తెలియదు. రెండోసారికి ఎత్తింది.

"అన్నయ్యా? వాడికేమైనా అయిందా?"

"ఇంకా ఏమీ కాలేదు. మీ వదిన నన్ను బయటికి తరిమేసింది."

"మంచి పని చేసింది."

"ఊఁ."

ఒక బస్సు వెళ్ళింది. ఆ చప్పుడు తగ్గాక ఆ పిల్ల అడిగింది. "నిన్న ఎందుకు తుడిచావు?"

ఇంకెవరైనా అడిగితే దుమ్ము ఉంది కాబట్టి అనేవాడు. బెంచీ వెనక చెయ్యి ఆనించి, దాని మీద ఏముందో కూడా చూడకుండా, "ఊరికే నిలబడలేకపోయాను" అన్నాడు. "పెట్టె నువ్వే సర్దుకున్నావు. జిప్పు నువ్వే లాక్కున్నావు. నాకు పనేమీ మిగల్చలేదు. చేతిలో గుడ్డ ఉంది."

"నేను ఎప్పుడు కదులుతానా అని చూస్తున్నట్టు ఉంది నాకు."

"కాదే. ఉండిపొమ్మని అడుగుదామని వచ్చాను. మూడుసార్లు వచ్చాను గుమ్మం దాకా. అడగడం చేతకాలేదు."

ఫోన్ కట్ అయిందేమోనని ఆయన తెర చూసుకున్నాడు. కట్ అవలేదు. మళ్ళీ చెవికి ఆనించుకునేసరికి చెల్లెలి గొంతు వినబడింది. అది ఆయన ఎరిగిన గొంతు కాదు, గరగరలాడుతోంది.

"అడిగినా ఉండేదాన్ని కాదు అన్నయ్యా."

"తెలుసు."

"అయినా అడగాల్సింది."

"అవును."

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది. "పంజరం సంగతి నేను నీకు గట్టిగా చెప్పాల్సింది. పిట్టలాయన చెప్పాడు, నాకు తెలుసు. నువ్వొకసారి బాగుందనాలని చేశాను. వాడేం పాపం చేశాడు మన మధ్యలో?"

"బాగుందని ఊళ్ళో అందరికీ చెప్పాను" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"నాకు చెప్పలేదు."

ఆయన నోరు తెరిచేలోగా ఫోన్‌లో ఇంకో కాల్ వస్తున్న చప్పుడైంది. భార్య. "ఉండు, పెట్టకు" అని చెల్లెలికి చెప్పి అటు మాట్లాడాడు.

"వేశాడు" అంది భార్య. అని, ఏడ్చింది. బస్సు స్టీరింగు పట్టుకుని ఎంతమందినో తిట్టగలిగిన మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది.

"ఎక్కడ?"

"ఎక్కడేమిటండీ? సోఫా మీద, మీ కుర్చీ మీద, కర్టెన్ మీద. నేను వంటింట్లోకి వెళ్ళి వీపు తిప్పుకుని గిన్నెలు కడుగుతున్నాను. రెక్కల చప్పుడు వినబడింది. వచ్చి చూస్తే ఇల్లంతా. ఇప్పుడు నీళ్ళు తాగుతున్నాడు. రండి."

ఆయన చెల్లెలికి చెప్పాడు. ఆ పిల్లను ఎవరో పిలిచారు. వెళ్ళాలంది, వెళ్ళింది.

ఇంటికి ఎలా నడిచాడో ఆయనకు గుర్తులేదు. తలుపు తీయగానే దొరగారు కర్టెన్ కడ్డీ మీంచి ఆయన్ని చూసి ఈల వేశాడు. కళ్ళజోళ్ళాయన చెయ్యి అలవాటుగా భుజం మీది గుడ్డ కోసం వెళ్ళింది. భార్య ఆ చెయ్యి పట్టుకుంది. "డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఇప్పుడే తుడిస్తే తప్పు చేశాననుకుంటాడట. వాడి ఎదురుగా వద్దు. పైగా మెచ్చుకోవాలట."

"దీన్నా?"

"దీన్నే."

ఆయన సోఫా వంక చూశాడు. పిట్ట వంక చూశాడు. "శభాష్" అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎలా వచ్చిందో చూసిన మనిషి ఒక్క భార్యే. ఆవిడ ఏడుపు మధ్యలోనే నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేర్పడం కన్నా మరపించడం కష్టమైంది. కొన్నాళ్ళు పిట్ట ఒకరోజు మామూలుగా ఉండేది, మరునాడు మళ్ళీ బిగబట్టేది. కిటికీ మూల పేపరు తీసేశారు. ఆ మాట ఇంట్లో అనడం మానేశారు. షాపులో కూడా ఆయన "రండి" అనడం మొదలుపెట్టాడు. పాతవాళ్ళు ఆయనకు కోపమొచ్చిందేమో అనుకున్నారు. ఎవరూ చూడని వేళ పిట్ట వేస్తే, కాసేపాగి, అది ఇంకో గదిలో ఉన్నప్పుడు వెళ్ళి తుడిచేవాడు. ఆ కాసేపూ ఆయన పడే అవస్థ చూడలేక భార్య ఆయన చేతికి ఉల్లిపాయలు ఇచ్చి తరగమనేది. చెల్లెలు రోజూ ఫోన్ చేసేది. పిట్ట ఎలా ఉందని అడిగేది. అది అయ్యాక ఇద్దరూ పెట్టెయ్యకుండా ఏవో మాట్లాడుకునేవారు. షాపు సంగతులు, హాస్టల్ కిటికీలోంచి వచ్చే గాలి సంగతులు, ఏమీ లేని సంగతులు. మధ్యమధ్య పోట్లాడుకునేవారు కూడా. ఒకసారి చెల్లెలు గొంతు పెంచి అరిచింది. ఆయన ఫోన్ పెట్టేసి, "అరిచింది చూశావా" అని భార్యతో సంతోషంగా చెప్పాడు.

ట్రెయినింగు అయింది. గది దొరికింది. పిట్టను తీసుకెళ్ళడానికి తనే వస్తానంది చెల్లెలు. వద్దు, మేమే తెస్తామన్నాడు కళ్ళజోళ్ళాయన. రైల్లో ఎదురు సీటు ముసలాయన దొరగారి కుచ్చును చూసి మురిసిపోయి, మాటలు వచ్చా అని అడిగాడు. రావండి, ఈలే అని కళ్ళజోళ్ళాయన చెప్పాడు. ఇంకేమైనా నేర్పారా అని అడిగితే, లేదన్నాడు.

స్టేషన్లో దిగేసరికి చెల్లెలు డ్యూటీ నుంచి నేరుగా వచ్చి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిట్ట ఆ పిల్లను చూడగానే పంజరంలో గంతులు వేసింది. ఆ పిల్ల నవ్వింది గానీ ఆ నవ్వు నిలబడలేదు. ప్లాట్‌ఫారం మీది బెంచీ మీద కూలబడింది.

"ఏమైందే?" అన్నాడు అన్నయ్య.

మామూలుగా అయితే ఏమీ లేదనేది. ఇన్నేళ్ళలో తన ఫోన్ల సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెప్పింది. ఎవరో చంటిపిల్లాడి తల్లి చేసిందట. అంబులెన్సు వెళ్ళేదాకా ఏం చెయ్యాలో చెబుతూనే ఉందట. పిల్లాడు బతికాడట. "బతికాడు అన్నయ్యా, అయినా నాకు ఇంకా చేతులు వణుకుతున్నాయి" అంది. వదిన ఆ చేతులు తన ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళజోళ్ళాయన పంజరం పక్కన పెట్టి అటువైపు కూర్చున్నాడు. ఆ తల్లి ఏమంది, ఆ తరవాత నువ్వేమన్నావు అని ఒక్కొక్కటే అడిగాడు. ఆ పిల్ల మొదట్నుంచీ మళ్ళీ చెప్పింది. మధ్యలో ఒక రైలు వచ్చి వెళ్ళింది. అది వెళ్ళేదాకా ఆగి, మిగతాది చెప్పింది.

"చాలా బాగా చేశావు" అన్నాడు.

ఆ పిల్ల లేచి, మొహం కడుక్కుని వచ్చి, పంజరం తనే అందుకుంది. "పదండి, నాకు ఆకలేస్తోంది. గదిలో కుర్చీ ఒక్కటే ఉంది, ముందే చెప్తున్నాను" అంది. ముగ్గురూ మెట్లు దిగి బయటికి వచ్చారు. ఎటు వెళ్ళాలని ఆయన అడిగాడు. ఆ పిల్ల గడ్డంతో ఎడమవైపు చూపించింది.